నీళ్ల దారిని బట్టి బండ

అచ్చంపేటలో ఈమధ్యే పని పూర్తయిన ఒక చిన్న బాత్రూం గురించి ఈ వ్యాసం. వెడల్పు నాలుగడుగులు, పొడవు ఏడు. పాతికేళ్ల కిందట కట్టిన ఇంట్లో, హాలు వెనక, ఒకే ఒక్క వెంటిలేటరుతో ఉన్న గది. తలుపు తీయగానే కంటపడేది నేలకు అడ్డంగా, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పరిచిన నాలుగంగుళాల నల్ల గ్రానైటు పట్టీ. పట్టీకి లోపలి వైపు, తానం చేసే చోట, నాలుగు పెద్ద పసుపు తాండూరు బండలు. తలుపు వైపు, కమోడు ఉన్న చోట, బూడిద రంగు గరుకు టైళ్లు. చూడ్డానికి వచ్చినవాళ్లు ఆ పట్టీని సోకు కోసం వేసిన గీత అనుకుంటున్నారు. నిజానికి ఈ గదిలో మిగతా పనంతా ఆ పట్టీని చూసుకుని చేసిందే. ఏ రాయి ఎక్కడ ఉండవచ్చో, ఎక్కడ ఉండకూడదో తేల్చింది అదే.

ఇల్లు మా చిన్నమ్మది. పని చేసింది ఊళ్లోని ఒక సుతారి మేస్త్రి. టైళ్ల కొట్టుకు పోదాం రమ్మని చిన్నమ్మ పిలిస్తే ఆయన కదల్లేదు. పాత గదిలో నిలబడి, "నీళ్లు ఎటు వోతయో తేల్చకుంట బండ ఎట్ల కొంటవమ్మా?" అన్నాడు. మనలో చాలామందిమి ఈ పనిని తలకిందులుగా చేస్తాం. ముందు కొట్టుకు వెళ్లి, లైట్ల కింద మెరిసే బోర్డుల్లో ఒకదాన్ని ఇష్టపడి, డబ్బు కట్టి, ఆ తర్వాత మేస్త్రిని పిలిచి వాలు ఎటు ఇవ్వాలని అడుగుతాం. ఆయన వాలుతో మొదలుపెట్టాడు. ఈ గది నాకు అంతగా నచ్చడానికి కారణం ఆ వరస మార్పే.

ఆ మాట వెనక ఊరి నీళ్ల కథ ఉంది. అచ్చంపేట నేల అడుగున ఉన్నది గ్రానైటు. పాలమూరు, నల్లగొండ మెట్టల్లో ఎక్కువ భాగం అంతే. దక్షిణంగా నల్లమల అంచు మొదలైన చోట ఆ గ్రానైటు మీద మరో రాయి, క్వార్ట్‌జైటు, మందపు పొరలుగా కూర్చుని ఉంటుంది. రంగాపూర్ దాటి ఉమామహేశ్వరం కొండ ఎక్కినవాళ్లు ఆ పొరల అంచుల్ని కళ్లారా చూసే ఉంటారు. శ్రీశైలానికి ఉత్తర ద్వారమని చెప్పుకునే ఆ గుడి, ముందుకు పొడుచుకొచ్చిన చరియ కింద ఉంటుంది. ఎండాకాలంలో కూడా అక్కడ రాతి సందుల్లోంచి నీళ్లు ఊరుతూనే ఉంటాయి. గట్టి రాతిని నీళ్లు దాటలేవు. సందు దొరికితే మాత్రం కొండనైనా దాటి వస్తాయి. ఊళ్లో బోరు వేస్తే పడే నీళ్లూ అలాంటి పగుళ్లలో నిలవున్నవే. ఏళ్ల తరబడి రాతిని ఒరుసుకుని ఉండడం వల్ల ఖనిజాలను కరిగించుకుని పైకి వస్తాయి. నల్లగొండ ఫ్లోరైడు సంగతి దేశమంతా తెలుసు. సున్నం, పటిక కలిపి దాన్ని తగ్గించే పద్ధతికి నాగపూర్‌లోని నీరీ సంస్థ నల్లగొండ పేరే పెట్టింది. బాత్రూంలో మాత్రం మనల్ని సతాయించేది బోరు నీళ్లలోని సున్నం.

మిషన్ భగీరథ నీళ్లు తాగడానికి వస్తున్నా, తానాలకూ బట్టలకూ చాలా ఇళ్లలో బోరే దిక్కు. ఆ నీటి చుక్క టైలు మీద ఆరిందంటే నీరు పోయి తెల్లటి వలయం మిగులుతుంది. కాగబెడితే ఇంకా త్వరగా దిగుతుంది. నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేటు వేడికి విడిపోయి, కరగని కాల్షియం కార్బొనేటుగా మారి, గీజరు కాయిలు మీదా షవరు కన్నాల్లోనూ పెచ్చు కడుతుంది. ఆ తెల్ల పెచ్చును వదిలించడానికి ఇంటింటా వాడేది బాత్రూం ఆసిడ్, అంటే నీళ్లు కలిపిన హైడ్రోక్లోరిక్ ఆమ్లం. పోయగానే బుస్సున పొంగి పెచ్చు కరిగిపోతుంది.

చిక్కంతా ఇక్కడే వచ్చింది. తాండూరు బండ సున్నపురాయి. అదీ ముఖ్యంగా కాల్షియం కార్బొనేటే. పెచ్చును కరిగించే ఆసిడ్ బండనూ అదే విధంగా కరిగిస్తుంది. మొదట నునుపు పోతుంది, తర్వాత రంగు వెలుస్తుంది, ఆ తర్వాత చిన్న చిన్న గుంటలు పడి వాటిలో మురికి నిలుస్తుంది. ఆసిడ్ వాడే ఇళ్లలో బాత్రూం బండలు పదేళ్లకే ముసలివైపోయేది ఇందుకే. దీన్ని చూసి చాలామంది బండలు పనికిరావని తీర్మానించి, నేలంతా నిగనిగలాడే టైళ్లు వేసుకుంటారు. ఈ ఇంట్లో పాతికేళ్లుగా ఉన్నది అలాంటి నేలే. తడి కాలితో దాని మీద నడవాలంటే చిన్నమ్మ గోడ పట్టుకోవాల్సి వచ్చేది. డెబ్బై దాటిన మనిషికి బాత్రూం నేల ఎంత ముఖ్యమో వేరే చెప్పనక్కర్లేదు.

పాలిష్ పట్టని తాండూరు బండను తడిపి కాలు మోపితే మేస్త్రి ఎందుకు పట్టుబట్టాడో తెలుస్తుంది. వికారాబాద్ జిల్లా తాండూరులోనూ, సరిహద్దు దాటాక కర్ణాటకలోని షాబాద్, సేడం ప్రాంతంలోనూ దొరికేది దాదాపు ఒకే రాయి. నైజాం కాలంలో ఈ రెండూ ఒకే రాజ్యంలోవి కాబట్టి హైదరాబాద్ పాత ఇళ్లలో దీన్ని షాబాద్ బండ అనే అంటారు. కోట్ల ఏళ్ల కిందట సముద్రం అడుగున పొర మీద పొరగా పేరుకున్న రాయి ఇది. గనిలో నేల మీద గీతలుగా మిషన్‌తో కోసి, గడ్డపారతో లేపితే పొర పొరగా విడివడి వస్తుంది. పైముఖాన్ని ఎవరూ చెక్కరు, అరగదీయరు. పొర విడినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంటుంది. కంటికి చదునుగా కనిపించినా, అరికాలికి సన్నటి ఎగుడుదిగుళ్లు తగులుతాయి. ఆ గరుకు మీద సబ్బు నీళ్లు పారినా కాలు జారదు. కార్ఖానాలో గరుకు టైలు మీద అచ్చు వేసి తెచ్చే పట్టు ఈ రాయికి పుట్టుకతోనే ఉంది. ఏటా వేల తానాలు పడే చోట, పైన అద్దిన పూత కన్నా రాతిలోనే ఉన్న గరుకును నమ్మడం తెలివైన పని అని నా అభిప్రాయం.

సున్నపురాయి నీళ్లకు ఆగుతుందా అన్న అనుమానం చిన్నమ్మకూ వచ్చింది. దానికి జవాబు మన కృష్ణ ఒడ్డునే ఉంది. నాగార్జునకొండలో 1954 నుంచి 1960 దాకా జరిగిన తవ్వకాల్లో ఇక్ష్వాకుల కాలపు స్నానఘట్టం బయటపడింది. పల్నాటి సున్నపురాతి పలకలతో మెట్లు మెట్లుగా నదిలోకి దించిన ఘట్టం అది. జలాశయంలో మునిగిపోయే ముందు దాన్ని విప్పి, ఇప్పుడు ద్వీపంగా మిగిలిన కొండ మీద మళ్లీ పేర్చారు. లాంచీలో వెళ్లేవాళ్లు శిల్పాల మ్యూజియం చూసి వెనక్కి వస్తారు గానీ, ఆ మెట్ల దగ్గర కాసేపు ఆగి పలకకూ పలకకూ మధ్య అతుకు చూడాలని నా మనవి. నీళ్లతో సున్నపురాయికి ఈ నేలలో పదిహేడు వందల ఏళ్ల స్నేహం ఉంది. పడనిది ఆసిడ్‌తోనే.

అందుకని మేస్త్రి ప్రశ్నను ఇలా మార్చుకున్నాడు: ఆసిడ్ ఈ గదిలో ఎక్కడ పడుతుంది, పడ్డాక ఎటు పారుతుంది? పడేది కమోడు దగ్గర. పాత గదిలో నీళ్లు బయటికి పోయే ట్రాపు లోపలి మూలన, తానం చేసే చోట ఉండేది. కాబట్టి కమోడు దగ్గర పోసిన ఆసిడ్ కడిగిన నీళ్లతో కలిసి గది పొడవునా నేల మీదుగా లోపలికి పారేది. అక్కడ తాండూరు బండ వేసి ఉంటే ప్రతి ఆదివారం దాని మీదుగానే పోయేది. ఆయన పాత నేల తవ్వించి, ట్రాపును రెండు భాగాలు కలిసే చోటికి, గోడ పక్కకు జరిపాడు. పైపు ఆ గోడ వెంటే బయటికి పోతోంది కాబట్టి, కింది అంతస్తు కాబట్టి, ఆ పని ఒక పూటలో అయింది. ఇప్పుడు తానం నీళ్లు లోపలి నుంచి ఇటు దిగుతాయి, కమోడు వైపు నీళ్లు తలుపు నుంచి అటు దిగుతాయి. రెండూ నల్ల పట్టీ మీద కలిసి, పట్టీ వెంట జారి ట్రాపులో పడతాయి. ఆసిడ్ ఎంత పోసినా పట్టీ దాటి బండ మీదికి ఎక్కలేదు. ఎక్కాలంటే ఎదురు వాలు ఎక్కాలి.

ఆ పట్టీకి ఎంచుకున్న రాయి ప్రకాశం జిల్లా చీమకుర్తిది, నల్లటి ఒంట్లో బంగారు చుక్కలు మెరిసే గెలాక్సీ రకం. నీళ్లు చివరగా పారే చోటు కాబట్టి సున్నం పొర ముందుగా కనిపించేదీ అక్కడే. తెలుపు నలుపు మీదే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పట్టీ మసకబారిందంటే కడగాల్సిన రోజు వచ్చిందని ఇంటివాళ్లకు తెలుస్తుంది. ఆ రాయి ఆసిడ్‌కు తేలిగ్గా లొంగేది కాదు. పైగా దాన్ని తాండూరు బండ అంచు కన్నా రెండు మిల్లీమీటర్లు దిగువకు కూర్చోబెట్టాడు. పట్టీ మీద ఆసిడ్ పోసి రుద్దినా అది బండ వైపు ఒరగకుండా ట్రాపు వైపే పోతుంది. వేలి కొసతో తడిమితే తప్ప తెలియని రెండు మిల్లీమీటర్లు అవి.

వాలు ఎలా తెచ్చాడో చెప్పాలి, ఎందుకంటే ఈ గదిలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచింది అదే. నీళ్లు నింపిన లెవెల్ పైపుతో నాలుగు గోడల మీదా ఒకే మట్టానికి గుర్తులు పెట్టి, సున్నం పూసిన దారంతో గీత కొట్టాడు. ఇక కొలతలన్నీ ఆ గీత నుంచి కిందికే. లోపలి గోడకు, ట్రాపుకు దూరంగా ఉన్న మూలకు ముప్ఫై ఆరంగుళాలు. అదే గోడకు రెండో మూలకు ముప్ఫై ఆరున్నర. పట్టీ ఎగువ కొసకు ముప్ఫై ఆరున్నర. ట్రాపు దగ్గర ముప్ఫై ఏడు. మొదట విన్నప్పుడు ఇవి ఉత్త అంకెల్లా అనిపించాయి. కాగితం మీద వేసుకుంటే అర్థమైంది. ఎదురెదురు మూలలను కూడితే ఒక జత 73, రెండో జత కూడా 73. అలా సమానమైతేనే నాలుగు మూలలూ ఒకే చదునైన ఏటవాలు మీద ఉంటాయి. ఒక్క పావంగుళం తేడా వచ్చినా నేల మెలి తిరుగుతుంది. చిన్న టైళ్లయితే ఆ మెలిని ముక్కలుగా కోసి ఎలాగో సర్దవచ్చు. రెండడుగుల రాతి పలక వంగదు. మెలి తిరిగిన సిమెంటు మాల్ మీద పెడితే ఒక మూల లేస్తుంది, కింద డొల్ల మిగులుతుంది. పెద్ద బండ కావాలనుకున్నాడు కాబట్టే వాలును ఒకే పలకగా ఆలోచించాడు, ఒకే పలకగా ఆలోచించాడు కాబట్టే పెద్ద బండ వేయగలిగాడు. గోడ వెంట ఎనభై తొంభై అంగుళాలకు ఒక అంగుళం చొప్పున పడిన ఆ దిగుడు నడిచేవాళ్లకు తెలియదు, నీళ్లకు తెలుస్తుంది.

పెద్ద బండే ఎందుకంటే, నాలుగు బండలకు మధ్యలో ఒక్క ప్లస్ గుర్తంత సందే ఉంటుంది. అదే స్థలంలో అడుగు టైళ్లయితే సందులు మూడింతలవుతాయి. ఉమామహేశ్వరం కొండ చెప్పేదే ఇక్కడా వర్తిస్తుంది. ఇల్లు చెమ్మగిల్లేది రాయి వల్ల కన్నా సందుల వల్ల ఎక్కువ.

బండలు ఏరడం చూడాల్సిన పని. కొట్టు ముందు నిలబెట్టిన వరసలోంచి ఒక్కో బండనూ ఎండలోకి తీసి, మీద చెంబెడు నీళ్లు పోసి, ఆరేదాకా ఆగాడు. బండ ముఖం ఆరుతుంటే, లోపల పగులు ఉన్న చోట మాత్రం సన్నటి నల్ల గీత ఆరకుండా మిగిలిపోతుంది. పొడిగా ఉన్నప్పుడు ఎంత వెతికినా కనబడని పగులు అది. అలా గీత మిగిలినవి పక్కకు. తర్వాత ఒక కొస పట్టుకుని లేపి సుత్తి పిడితో తట్టాడు. ఖంగుమంటే ఉంచాడు, మొద్దు శబ్దమొస్తే పక్కకు పెట్టాడు. ఇలా వచ్చిన నాలుగూ ఒకే పసుపు కాదు. ఒకటి కాస్త ఆకుపచ్చకు తిరుగుతుంది, ఒకదానిలో ఎర్ర జీర ఉంది. చిన్నమ్మ ఒకే రంగువి తీసుకుందామంటే, "రంగు సూస్తే పగులుది వస్తదమ్మా, పగులు సూస్తే రంగు కలవదు" అని చెప్పి, వాకిట్లో నాలుగింటినీ అటూ ఇటూ మార్చి పరిచి చూపించాడు. ఎర్ర జీర ఉన్నది గోడ మూలకు పోయేలా పేర్చాక ఆమె ఒప్పుకుంది. పేర్చిన వరసను మరిచిపోకుండా వెనక సుద్దతో నంబర్లు వేశాడు.

నీలం తాండూరు కూడా దొరుకుతుంది. బయటి అరుగులకు అదే అందం. చీకటి గదిలో పసుపు తీసుకోవడం సరైన నిర్ణయం. వెంటిలేటరు నుంచి వచ్చే కొద్దిపాటి వెలుగును అది గదిలోకి తిప్పి పంపుతుంది, ఆరిన సున్నపు మరకా దాని మీద అంతగా కనిపించదు.

కమోడు వైపు వేసినవి అడుగు చదరం గరుకు విట్రిఫైడ్ టైళ్లు. విట్రిఫైడ్ టైలు ఒళ్లు గాజులా గట్టిపడి ఉంటుంది. అది దాదాపు నీరు పీల్చదు. ఆసిడ్‌కు అది భయపడదు. కానీ ఆ గుణమే మేస్త్రికి ఇబ్బంది. నీళ్లు పీల్చని ఒంటికి ఉత్త సిమెంటు సరిగా పట్టుకోదు. అందుకే వీటిని సంచిలో వచ్చే టైలు జిగురుతో, పళ్ల తాపీతో గీతలు గీసి అతికించాడు. గోడకు వేసిన మెరుపు టైళ్లు వేరే జాతి. పైన గాజు పూత, వెనక ఎర్రమట్టి రంగు ఒళ్లు. ఆ ఒళ్లు పదో వంతుకు పైగా నీళ్లు తాగుతుంది. వాటిని డ్రమ్ములో వేసి, బుడగలు ఆగేదాకా నానబెట్టాడు. పొడి టైలు పెడితే మాల్‌లోని నీళ్లన్నీ అదే తాగేసి సిమెంటు పండకుండానే ఆరిపోతుంది. ఒకే గదిలో ఒకదానికి జిగురు, ఒకదానికి నానబెట్టిన సిమెంటు, మూడోదానికి, అంటే బండకు, ఒకటిన్నర అంగుళం మాల్ పరుపు, వెనక సిమెంటు పాల పూత. మందం కూడా మూడింటికీ వేరు. నేల మీద పరిచే రెండూ పట్టీకి అటూ ఇటూ ఒకే మట్టానికి రావాలి. వచ్చాయి. పాదం పెట్టి అడ్డంగా లాగినా ఎక్కడా తట్టుకోదు.

పాత గోడ టైళ్లు ఊడగొట్టినప్పుడు వెనక యానాం రీజెన్సీ టైళ్ల కార్ఖానా ముద్ర కనిపించింది. ఒకప్పుడు తెలుగు ఊళ్లలో ఎన్ని వంటిళ్లలో, ఎన్ని బాత్రూముల్లో ఆ పేరు గోడలో దాగి ఉందో. 2012 జనవరిలో కార్మికుల ఆందోళన హింసగా మారాక ఆ కార్ఖానా మూతపడింది. ఇప్పుడు కొట్లలో ఎక్కువగా కనిపించేవి గుజరాత్ మోర్బీ టైళ్లు. సామర్లకోటలో కూడా పెద్ద కార్ఖానా ఉంది. పాత టైలు ఒక్కటి పగిలినా దానికి జత దొరకదన్నది ఆ ముద్ర చూసినప్పుడు తట్టిన సంగతి. ఇంకొకటీ కనిపించింది: ఆ టైళ్ల వెనక నాలుగు మూలలా నడుమనా కలిపి అయిదు సిమెంటు ముద్దలే ఉన్నాయి, మిగతాదంతా ఖాళీ. తొందరలో ఉన్న ఏ మేస్త్రి అయినా చేసే పని అది. ఆ ఖాళీల్లో నీళ్లు చేరి గోడ అవతల హాల్లో రంగు పొక్కింది. ఈయన టైలు వెనకంతా మాల్ పూసి, ఒక అంచు ముందు ఆనించి, తర్వాత మొత్తం నొక్కి, గాలి బయటికి పోయాక రబ్బరు సుత్తితో తట్టాడు. పనయ్యాక నేను రూపాయి బిళ్లతో గోడంతా కొట్టి చూశాను. డొల్ల మోత ఎక్కడా రాలేదు.

గోడ టైళ్లు పన్నెండు అంగుళాల వెడల్పు, పద్దెనిమిది అంగుళాల పొడవు. వాటిని నిలబెట్టకుండా పడుకోబెట్టాడు. పడుకోబెడితే ఏడు వరసలకు ఏడడుగులు, అంటే తలుపు చౌకట్ పైఅంచు దాకా నిండు టైళ్లతో సరిపోతుంది. నిలబెడితే నాలుగు నిండు వరసలయ్యాక పైన అడుగు ముక్క అతకాల్సి వచ్చేది. ఇక అడ్డం లెక్క. పూత పోను పొట్టి గోడ నలభై ఆరున్నర అంగుళాలు. ఒక చివర నుంచి మొదలుపెడితే రెండు నిండు టైళ్లు పోగా పదిన్నర అంగుళాల ముక్క ఒక మూలకు పడుతుంది. చాలా గదుల్లో చూస్తాం, ఒక మూల నిండుగా, ఒక మూల తెగిపోయినట్టుగా. ఈయన నడిగోడ మీద ఒక నిండు టైలు పెట్టి, రెండు పక్కలా పద్నాలుగుంపావు చొప్పున కోశాడు. పొడుగు గోడ ఎనభై రెండున్నర. అక్కడ నడుమ మూడు నిండువి, రెండు పక్కలా మళ్లీ పద్నాలుగుంపావే. రెండు గోడల తేడా సరిగ్గా మూడడుగులు, అంటే రెండు టైళ్లు కాబట్టి నాలుగు మూలల్లోనూ ఒకే కొలత ముక్కలు కలిశాయి. గదిలో నిలబడితే ఎందుకో అంతా కుదురుగా ఉందనిపిస్తుంది, కారణం వెంటనే తట్టదు. ఈ ఎనిమిది ముక్కలే ఆ కారణం.

చదరపు అడుగుల లెక్కన ఈ గోడలకు తొంభై ఒక్క టైళ్లు చాలు. వరసల లెక్కన తొంభై ఎనిమిది కావాలి, ఎందుకంటే కోసిన ముక్క మరో చోట పనికిరాదు. ఆయన నూట పది తెప్పించాడు, అన్ని పెట్టెల మీదా ఒకే బ్యాచి నంబరు ఉందో లేదో చూసి మరీ. మిగిలినవి సజ్జ మీద ఉన్నాయి. రీజెన్సీ ముద్ర చెప్పిన పాఠం అది. టైలు రంగు మాసిన తెలుపు, బొమ్మల్లేవు. నడుమ వరసలో డాల్ఫిన్లో గులాబీలో ఉండాలని కొట్టువాడు బతిమాలాడు. చిన్న గదిలో బొమ్మ కన్ను పొడుస్తుంది. సాదా గోడ మీద గదే కాస్త వెనక్కి జరిగినట్టుంటుంది.

కింది వరస దగ్గర మరో నేర్పు ఉంది. గోడ మీద గీతలన్నీ మట్టంగా ఉండాలి, నేల మాత్రం వాలుగా ఉండాలి. ఆ రెండూ కలిసేది కింది వరసలోనే. అందుకని ఆయన రెండో వరస నుంచి పని మొదలుపెట్టాడు. గోడకు చెక్క పట్టీ కొట్టి, దాని మీద పైవరసలన్నీ లేపి, నేల పరిచాక చివరగా కింది వరసను కొలిచి కోశాడు. ట్రాపు దగ్గర ఆ వరస నిండు పన్నెండు అంగుళాలు. ఎదురు గోడ మూలలకు వచ్చేసరికి పదకొండు. రెండు వాలులు కలిసే చోట పొడుగు గోడ కింది అంచు చాలా లోతు తక్కువ వి ఆకారంలో ఉంటుంది. టైలు బండ మీద కూర్చుంటుంది గానీ బండ టైలుకు ఆని ఉండదు. గోడ మీద జారిన నీళ్లు సందులో దిగకుండా బండ మీద పడి పోయేది అందుకే.

సందుల విషయంలో ఆయన పొదుపు నాకు నచ్చింది. సందులు నింపే ఎపాక్సీ ఖరీదైనది. సిమెంటు ఫిల్లరు చవక, కానీ అదీ ఆసిడ్‌కు కరిగే జాతిదే. అంతటా ఎపాక్సీ పెట్టమని చెప్పి బిల్లు పెంచవచ్చు. ఆయన కమోడు వైపు నేలకూ, ఆ చుట్టూ మొదటి వరసకూ, పట్టీ రెండు అంచులకూ, బండల మధ్య ప్లస్ గుర్తుకూ మాత్రమే ఎపాక్సీ పెట్టాడు. పైగోడలకు మామూలు ఫిల్లరే. వీటన్నిటి కిందా, గోడ మీద అడుగు ఎత్తు దాకా, నీళ్లు దిగని పూత రెండు పొరలుగా ఉంది. బండలు పరచకముందే ట్రాపు మూసి, రోజంతా నీళ్లు నిలబెట్టి, గీత దిగిందేమో చూశాకే ముందుకు పోయాడు.

చిన్న చిన్న చోట్ల కూడా రాయి ఎంపిక ఇదే తర్కంతో సాగింది. తలుపుకు గ్రానైటు చౌకట్. మా ప్రాంతంలో ఇప్పుడు చాలా బాత్రూములకు ఇదే. కర్ర చౌకట్ ముందుగా కుళ్లేది నేలను తాకే పాదం దగ్గరే. సబ్బు గూట్లో కడప బండ. అది కూడా సున్నపురాయే, అయినా భుజం ఎత్తున ఉన్న గూటిలో ఎవరూ ఆసిడ్ పోయరు. ఆ అరను కూడా ఒక గోరు మందం ముందుకు వాల్చాడు, సబ్బు కింద నీళ్లు నిలవకుండా. గూటి అంచుల దగ్గర టైళ్లకు వెనక నుంచి ఏటవాలు కోత పెట్టి ఒకదానికొకటి కలిపాడు. ఇలాంటి కోతలో గాజు పూత పెచ్చు లేస్తుంది. ఇక్కడ ఒక్క చోట తప్ప ఎక్కడా లేవలేదు, ఆ ఒక్కటి కూడా గూటి పైభాగాన కంటికి అందని వైపు ఉంది.

తాండూరు బండకు చాకిరీ లేదని చెప్పను. గరుకు ముఖం సబ్బు జిడ్డును పట్టుకుంటుంది. వారానికోసారి పీచు బ్రష్‌తో రుద్దాలి, తానం అయ్యాక వైపరు లాగితే సున్నం పొర నెమ్మదిగా కడుతుంది. చిన్నమ్మ ఈ రెండూ చేస్తోంది. బండ తడిస్తే ముదురు పసుపు అవుతుంది, ఆరితే లేత పడుతుంది. కాబట్టి నీళ్లు ఎక్కడైనా నిలిస్తే ఆ మచ్చ వెంటనే తెలిసిపోతుంది. పని అప్పజెప్పిన రోజు లోపలి మూల నుంచి నీళ్లు కుమ్మరించి చూశాం. ముదురు రంగు పైమూల నుంచి పట్టీ దాకా ఒకే తీరుగా ఆరుకుంటూ వచ్చింది. నడుమ మచ్చ నిలవలేదు.

ఇప్పుడాయన ఉప్పునుంతల రోడ్డులో ఇంకో ఇంట్లో పని చేస్తున్నాడు. అది పై అంతస్తు బాత్రూం. ఈ గది చూసి వెళ్లిన ఆ ఇంటాయన తనకూ తాండూరే కావాలన్నాడట. మేస్త్రి వద్దన్నాడు. అక్కడ స్లాబు దించి పోయలేదు. బండ మందం, దాని కింద ఒకటిన్నర అంగుళం మాల్, వాలు కలుపుకుంటే నేల గడప దాటి లేస్తుంది, స్లాబు మీద బరువూ పెరుగుతుంది. ట్రాపు జరపాలంటే కింది ఇంటి కప్పు కోయాలి. కాబట్టి పాత ట్రాపు చోటనే ఉంచి, నేలంతా సన్నటి గరుకు విట్రిఫైడ్, జిగురు మీద, సందులన్నిటికీ ఎపాక్సీ అని చెప్పాడు. అక్కడ నల్ల పట్టీ ఉండదు.